వర్తక మార్గాలు, రాజ్యాధికారం: ఘానా, ఓరుగల్లు, గోలకొండ

క్రీ.శ. 1068లో స్పెయిన్ దేశపు ఖుర్తుబా నగరంలో అబూ ఉబైద్ అల్ బక్రీ అనే పండితుడు మార్గాలను, రాజ్యాలను గూర్చి ఒక పెద్ద గ్రంథాన్ని రచించాడు. ఆఫ్రికా ఎడారికి ఆవలనున్న నల్లవారి రాజ్యాలను ఆయన కళ్ళారా చూడలేదు. అక్కడికి పోయివచ్చిన వర్తకులు చెప్పినదాన్ని, పూర్వ గ్రంథాలలో దొరికినదాన్ని ఓపికగా కూర్చి వ్రాశాడు. వర్తకులు చెప్పినది కనుకనే కాబోలు, అందులో సుంకాల లెక్కలు స్పష్టంగా ఉన్నాయి. ఘానా రాజు తన దేశంలోకి వచ్చే ప్రతి గాడిద మోత ఉప్పుకు 1 బంగారు దీనారు తీసుకుంటాడు. అదే ఉప్పు తన దేశం దాటి బయటికి పోయేటప్పుడు 2 దీనార్లు తీసుకుంటాడు. రాగి మోతకు 5 మిస్కాళ్ళు, తక్కిన సరుకుల మోతకు 10 మిస్కాళ్ళు.

వచ్చేటప్పుడు ఒకటి, పోయేటప్పుడు రెండు అనే ఈ నియమంలో ఆ రాజ్యపు అర్థశాస్త్రమంతా ఇమిడి ఉన్నది. ఘానాకు దక్షిణాన బంగారం దొరికే నదీలోయలున్నాయి గాని ఉప్పు లేదు. ఉత్తరాన ఎడారి నడుమ ఉప్పు గనులున్నాయి గాని మరేమీ లేదు. ఆ గనులలో ఒకటైన తగాజాను 1352లో చూచిన ఇబ్నె బతూతా, అక్కడి ఇళ్ళు, మస్జిదు కూడ ఉప్పు దిమ్మెలతోనే కట్టి పైన ఒంటె తోళ్ళు కప్పారని వ్రాశాడు. ఉత్తరపు ఉప్పు దక్షిణానికి చేరిననాడే దానికి అసలు విలువ. కాబట్టి తన దేశంలో ఖర్చయ్యే ఉప్పుపై రాజు తక్కువ తీసుకున్నాడు. దాటిపోయే ఉప్పుపై రెట్టింపు తీసుకున్నాడు. ఆ రెట్టింపు భారం చివరకు బంగారం త్రవ్వేవాడిపై పడుతుంది, తన ప్రజలపై కాదు.

ఇంతకూ ఎడారి అంచునే ఎందుకు రాజ్యం వెలసింది? నేల చూడబోతే గొప్పది కాదు. వానలు చాలీచాలనివి. కాని ఒంటె ఎడారిలో ఎంత మేలైన జంతువో, దక్షిణపు తడి అడవులలో అంత పనికిరానిది. అక్కడి ఈగకాటు రోగానికి అది బ్రతకదు. అందుచేత ఎడారి ముగిసేచోట ఒంటె మీది బరువు దింపి గాడిదలకు, కూలీల తలలకు ఎక్కించక తప్పదు. బరువు దింపేచోట బస కావాలి, నీరు కావాలి, తూనిక కావాలి, తగవు తీర్చేవాడు కావాలి, అన్నిటికంటె ముందు దొంగల భయం లేకుండా కాపు కాసేవాడు కావాలి. ఆ కాపలాకు పుచ్చుకున్న కూలియే సుంకం. ఆ సుంకంతో నిలిచినదే రాజ్యం. ఘానా సైన్యం 2,00,000 అని, అందులో విలుకాండ్రు 40,000 పైచిలుకు అని అల్ బక్రీ చెప్పిన లెక్కలో అతిశయోక్తి ఉండవచ్చును. కాని పంటపొలాల శిస్తుపై బ్రతికే రాజుకంటె ఎక్కువ సైన్యాన్ని ఆ రాజు పోషించాడన్నది కాదనలేని విషయం.

ముస్లిం పాఠకులు మరీ శ్రద్ధగా గమనించదగినది ఆ రాజధాని వర్ణన. ఘానా నగరం రెండు ఊళ్ళు. ఒకటి ముస్లింల ఊరు. అందులో 12 మస్జిదులు, ఇమాములు, ముఅజ్జిన్లు, ధర్మశాస్త్రవేత్తలు ఉండేవారు. 6 మైళ్ళ దూరంలో రాజు ఊరు. దాని పేరు అల్ గాబా, అనగా వనము. రాజు తన పూర్వుల మతాన్నే అనుసరించేవాడు. అయినప్పటికిని అతని కోశాధికారి, దుబాసీలు, మంత్రులలో ఎక్కువమంది ముస్లింలే. రాజదర్శనానికి వచ్చే స్వమతస్థులు మోకరిల్లి తలపై మన్ను చల్లుకొనేవారు. ముస్లింలకు ఆ నిర్బంధం లేదు, వారు చప్పట్లు చరిచి మర్యాద తెలిపేవారు. దర్బారుకు దగ్గరలో, వచ్చిపోయే ముస్లింల నమాజు కొరకు ఒక మస్జిదు కూడ ఉండేది. దీనిని కేవలం సహనమనడం చాలదు. వ్రాత తెలిసినవాడు, లెక్క తెలిసినవాడు, దూరదేశంలో మాట చెల్లేవాడు రాజుకు అవసరం. తన ప్రాణానికి, ఆస్తికి, నమాజుకు పూచీ వర్తకునికి అవసరం. ఆ పరస్పర అవసరం ఎంత దూరం పోయిందో ఇబ్నె హౌఖల్ చెప్పిన ఒక్క సంగతి తెలుపుతుంది. 10వ శతాబ్దిలో ఎడారి దక్షిణపు టంచుననున్న ఔదగుస్త్ పట్టణంలో ఒక వర్తకుని పేర 42,000 దీనార్ల బాకీకి సాక్షులు సంతకాలు చేసిన పత్రాన్ని తాను చూచానని ఆయన వ్రాశాడు. బాకీపడినవాడు సిజిల్‌మాసా వాసి. నడుమ ఉన్నది నెలల తరబడి ఎడారి ప్రయాణం.

వర్తకంపై సుంకమనే విషయం ఇస్లామీయ ధర్మశాస్త్రానికి క్రొత్త కాదు. పైరుపంట లేని లోయలో ఉన్న మక్కా ఖురైషుల చలికాలపు, వేసవికాలపు ప్రయాణాలు ఖుర్ఆన్‌లోనే ప్రస్తావించబడ్డాయి. ఆ వర్తకం విస్తారమెంత అనే దానిపై 1980ల తర్వాత చరిత్రకారులలో పెద్ద వివాదం నడిచింది గాని, దాని ఉనికిపై కాదు. ద్వితీయ ఖలీఫా హజ్రత్ ఉమర్ కాలంలో ఏర్పడిన పద్ధతిని ఖాజీ అబూ యూసుఫ్ తన ఖరాజ్ గ్రంథంలో వివరించాడు. దాని ప్రకారం సరుకు విలువలో ముస్లిం వర్తకుడు 40లో 1 వంతు, జిమ్మీ 20లో 1 వంతు, పరదేశపు వర్తకుడు 10లో 1 వంతు చెల్లించాలి. ఈ లెక్కను జ్ఞాపకం ఉంచుకుంటే మన తెలుగుదేశపు శాసనం ఒకటి ఇంకా బాగా అర్థమవుతుంది.

తెలంగాణం ఎడారి కాదు. హైదరాబాదులో సాలుకు సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. కాని ఆ వాన నాలుగు నెలలలోనే కురిసి పోతుంది. నేల రాతి నేల, నదులు లోతున పారుతాయి. చెరువు త్రవ్వనిదే వరి లేదు. ఇటువంటి మెట్టదేశంలో, అనుమకొండ చుట్టుప్రక్కల, పశ్చిమ చాళుక్యులకు సామంతులుగా కాకతీయులు తలయెత్తారు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఈ వంశపు కాలానివే. చరిత్ర పుస్తకాలు చెరువుల సంగతి విస్తారంగా చెబుతాయి, చెప్పవలసిందే. కాని చెరువు క్రింది వరి రాజు గాదె నింపుతుంది గాని, అతనికి గుర్రాన్ని ఇవ్వదు. గుర్రం సముద్రం మీద రావాలి.

ఈ సంగతి తెలిసిన రాజు గణపతిదేవుడు. 1199లో సింహాసనమెక్కి ఆరు దశాబ్దాలకు పైగా పాలించిన ఇతడు, మొదటి పదేళ్ళలోపుననే కృష్ణా ముఖద్వారపు వెలనాటి సీమను లోబరచుకొని సముద్రం చేరాడు. శక సంవత్సరం 1166లో, అనగా క్రీ.శ. 1244-45లో, మోటుపల్లి రేవులో ఒక స్తంభంపై అభయశాసనం వ్రాయించాడు. దేశి ఉయ్యకొండ పట్టణమని కూడ పేరున్న ఈ మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలోని చిన్న గ్రామం. శాసనం అక్కడి వీరభద్రాలయం దగ్గర ఉన్నది.

అందులో రాజు చెప్పినది దాపరికం లేని మాట. ఒక దేశానికి బయలుదేరి తుఫాను తాకిడికి మరొక దేశపు ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలనుండి, విరిగి ఒడ్డున పడిన ఓడలనుండి, బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సర్వస్వాన్ని పూర్వపు రాజులు బలాత్కారంగా తీసుకొనేవారు. ప్రాణంకంటె ధనమే గొప్పదని తలచి సముద్రయానానికి తెగించిన వర్తకులపై దయతో, కీర్తికొరకు, ధర్మంకొరకు, నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా తాము విడిచిపెట్టామని రాజు ప్రకటించాడు. ఎగుమతికి గాని దిగుమతికి గాని సుంకం 30కి 1. తర్వాత సరుకుల పట్టిక ఉన్నది. మంచిగంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, తగరం, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు, ఒక్కొక్క దానిపై ఇంత అని.

30కి 1 అంటే నూటికి మూడుంబాతిక కంటె కొంచెమెక్కువ. అరబ్బు వర్తకుడు తన స్వదేశంలో, తన మతపు ఖలీఫాకు చెల్లించే 40లో 1 వంతు కంటె ఇది ఎక్కువే. కాని పరదేశపు వర్తకునిగా మరెక్కడనో చెల్లించవలసి రాగల 10లో 1 వంతుతో పోల్చితే మూడవ వంతు మాత్రమే. దర తక్కువ కావడం ఒక సంగతి. రాతిపై వ్రాయించడం అంతకంటె పెద్ద సంగతి. రేవు అధికారి నోటిమాటపై ఆధారపడిన సుంకం ఎంతైనా కావచ్చును. రాతి మీది సుంకాన్ని ఓడ బయలుదేరకముందే లెక్కవేసుకోవచ్చు. గణపతిదేవుని దయాదాక్షిణ్యాలు నిజమైనవే కావచ్చు. కాని విరిగిన ఓడను ఒకసారి దోచుకున్న రాజుకు ఆ సంవత్సరం మాత్రమే ఆదాయం, విడిచిపెట్టిన రాజుకు ఏటేటా ఆదాయం అనే లెక్క ఆ దయ వెనుక లేదనుకోవడం అమాయకత్వం. కాకతీయ రాజ్యం పడిపోయిన తర్వాత 1358లో అదే రేవులో రెడ్డిరాజు అనపోతారెడ్డి వర్తకులకు మళ్ళీ అభయమిస్తూ శాసనం వేయించాడు. అంటే ఆ లెక్క తప్పు కాలేదు.

గుర్రం సంగతికి వద్దాం. దక్షిణాపథపు వేడికి, మేతకు మేలుజాతి గుర్రం నిలవదు. పాండ్యదేశంలో గుర్రాలకు వండిన అన్నం, మాంసం పెట్టి చంపుకుంటారని, ఒక్కొక్క రాజు ఏటా 2,000కు పైగా గుర్రాలు కొంటాడని, సంవత్సరం తిరిగేసరికి వాటిలో నూరు కూడ మిగలవని మార్కోపోలో వ్రాశాడు. గుర్రపు వైద్యుడు ఈ దేశంలోకి రాకుండా వర్తకులే చూచుకుంటారని కూడ అన్నాడు. అది నిజమో, ఓడలో విన్న పుకారో! పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ ఇచ్చిన లెక్కలు ఇంకా గట్టివి. పారశీక సింధుశాఖలోని ఖైస్ ద్వీపాధిపతి మలికుల్ ఇస్లామ్ జమాలుద్దీన్ ఏటా 1,400 గుర్రాలను మఅబర్‌కు, అనగా పాండ్యదేశపు తీరానికి, పంపే ఒడంబడిక చేసుకున్నాడు. గుర్రం ఒక్కింటికి 220 బంగారు దీనార్లు. దారిలో చచ్చిన గుర్రానికి సైతం వెల రాజు ఖజానా నుండే. ఈ జమాలుద్దీన్ తమ్ముడు తఖీయుద్దీన్ అబ్దుర్ రహ్మాన్ పాండ్యరాజు కొలువులో మంత్రి. ఘానాలో చూచిన చిత్రమే ఇది: రాజు ఒక మతం, వర్తకం నడిపే మంత్రి మరొక మతం.

మోటుపల్లిని మార్కోపోలో ముత్ఫిలి అన్నాడు. భర్త చనిపోయిన తర్వాత నలభై ఏళ్ళుగా న్యాయంతో పాలిస్తున్న రాణిని గూర్చి చెప్పాడు. ఆమె రుద్రమదేవి. గణపతిదేవునికి ఆమె భార్య కాదు, కుమార్తె. అక్కడ ఆయన పొరబడ్డాడు. సాలెగూడు వంటి సన్నని బట్టలు, వజ్రాలు ఈ దేశంలోనివని ఆయన చెప్పింది సత్యం. మెట్టదేశం గుర్రానికి బదులు ఇచ్చిన సరుకులు ఇవి. వీటికి ఉక్కును కూడ చేర్చాలి. నిర్మల ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు కొరకు ఇస్ఫహాన్ నుండి వచ్చి కొలిమి దగ్గరే కూర్చుని తూచుకుపోయే వర్తకుణ్ణి 19వ శతాబ్ది మొదటి పాదంలో కూడ ఆంగ్ల వైద్యుడు వాయ్‌సీ చూచాడు.

ఓరుగల్లు నిలిచినంతకాలం ఈ ఏర్పాటు నిలిచింది. 1310లో మలిక్ కాఫూర్ ముట్టడికి లొంగి ప్రతాపరుద్రుడు ఇచ్చుకున్న దానిలో 100 ఏనుగులతో పాటు 7,000 గుర్రాలు ఉన్నాయని బరనీ వ్రాశాడు. అవి ఓరుగల్లు గడ్డిమేసి పుట్టినవి కావు, ఎక్కువ భాగం బంగారం పోసి ఏటేటా ఓడలపై తెప్పించుకున్నవి. 1323లో ఉలుగ్ ఖాన్ చేతిలో ఓరుగల్లు పడింది. ఆ మరుసటి ఏడు, ఘానా స్థానంలో వెలసిన మాలీ రాజ్యాధిపతి మన్సా మూసా హజ్ యాత్రలో కైరోలో దిగి, తన దానాలతో అక్కడి బంగారం ధరను పడగొట్టాడు. దక్కనులో ఒక వర్తక రాజ్యం కూలడం, ఆఫ్రికాలో మరొక వర్తక రాజ్యం లోకానికంతటికీ తెలిసిరావడం ఇంచుమించు ఒకే కాలంలో జరిగాయి.

ఘానా ఏ విధంగా కూలింది? అల్మొరావీదులు 1054-55లో ఔదగుస్త్‌ను పట్టుకున్నారు. 1076లో ఘానానే జయించారని పాత పుస్తకాలు వ్రాశాయి. 1982, 83లలో వెలువడిన పరిశోధన తర్వాత ఆ జయం జరిగిందనడానికి గట్టి ఆధారం లేదని పెక్కుమంది చరిత్రకారులు ఒప్పుకుంటున్నారు. కత్తికంటె దారి మార్పే దానిని ఎక్కువ దెబ్బ తీసింది. దక్షిణాన, తూర్పున క్రొత్త బంగారు గనులు తెరుచుకున్నాయి, బిడారులు తూర్పు దారులు పట్టాయి. దారి మారితే నేల ఉన్నచోటనే ఉంటుంది గాని రాజ్యం ఉండదు.

గోలకొండ చరిత్రలో ఈ నీతులన్నీ మళ్ళీ, ఇంకా దగ్గరగా కనిపిస్తాయి. నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయం నిలిచిన అడిక్‌మెట్ ఒకనాడు కవయిత్రి మాహ్ లఖా బాయి జాగీరు గ్రామం. ఆ విద్యాలయంలోనే చరిత్రాచార్యుడుగా పనిచేసిన హారూన్ ఖాన్ షేర్వానీ 1974లో కుతుబ్ షాహీ వంశ చరిత్రను వెలువరించాడు. అరబ్బీ వ్రాతప్రతులను వెలికితెచ్చే దాయిరతుల్ మఆరిఫ్ కూడ ఈ ప్రాంగణంలోనిదే. ఇక్కడికి తూర్పుగా పోయే దారి హయాత్‌నగర్ సరాయి మీదుగా మచిలీపట్నం చేరుతుంది. 1591లో కట్టిన హైదరాబాదుకు ఊపిరి ఆ దారి గుండా వచ్చింది. మచిలీపట్నానికి మంచి ఓడరేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేసి నిలిస్తే చిన్న పడవలు సరుకు చేరవేసేవి. అయినను పారశీకపు గొంబ్రూన్‌కు, ఎర్రసముద్రపు మొఖాకు అక్కడినుండే రాజుగారి ఓడలు పోయేవి. కలంకారీ బట్ట పోయేది, గుర్రం వచ్చేది, దానితోపాటు ఇరానీ విద్వాంసుడు, లేఖకుడు, సిపాయి వచ్చేవారు. 1606 నాటికి డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ కొట్లు పెట్టారు.

వజ్రాల సంగతిలో ఘానా రాజూ గోలకొండ రాజూ ఒకే బడిలో చదివినవారివలె కనిపిస్తారు. ఘానాలో గనిలో దొరికిన బంగారు ముద్దలన్నీ రాజువి, పొడి మాత్రం ప్రజలది. అట్లు చేయకపోతే బంగారం పెరిగిపోయి దానికి విలువ లేకుండా పోతుందని అల్ బక్రీ కారణం కూడ చెప్పాడు. 1154లో ఇద్రీసీ, ఆ రాజు తన గుర్రాన్ని 30 రతళ్ళ బంగారు ముద్దకు కట్టేవాడని వ్రాశాడు. గోలకొండలో 1618 నుండి నాలుగేళ్ళు ఉన్న ఇంగ్లీషు వర్తకుడు మెథ్‌వోల్డ్ వజ్రాల గనిని స్వయంగా చూచాడు. ఆ గనిని ఒక కంసాలి కులస్థుడు సాలుకు 3,00,000 వరహాలకు గుత్తకు తీసుకున్నాడు. 10 క్యారెట్లకు మించిన రాయి ఏది దొరికినా అది సుల్తానుది. ముద్ద రాజుది, పొడి ప్రజది. పెద్దరాయి సుల్తానుది, చిన్నరాయి గుత్తదారుది. నడుమ 550 ఏళ్ళు, రెండు ఖండాలు ఉన్నాయి. ఒకరిని చూచి ఒకరు నేర్చుకున్నది కాదు. అరుదైన సరుకు అరుదుగానే ఉండాలి, ఆ అరుదుదనానికి తాళంచెవి తన నడుములోనే ఉండాలి అని ఇద్దరికీ తోచింది. కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేస్తున్నారని తవెర్నియే చెప్పిన లెక్కను కొంత తగ్గించి చదువుకున్నా, ఆ తాళంచెవి వెనుక ఎందరి చెమట ఉన్నదో తెలుస్తుంది. వారి కూలి ఎంత స్వల్పమో కూడ ఆయనే వ్రాశాడు.

అయితే వర్తకుణ్ణి కొలువులోకి పిలిచిన రాజు ఒక అపాయాన్ని కూడ పిలిచినట్లే. ఘానాలో మంత్రులైన ముస్లింలు రాజుకు ద్రోహం తలపెట్టినట్లు ఎక్కడా లేదు. గోలకొండలో అటువంటిది జరిగింది. ఇస్ఫహాన్ దగ్గరి అర్దిస్తాన్‌లో పేదకుటుంబంలో పుట్టిన ముహమ్మద్ సయ్యిద్, ఒక గుర్రాల వర్తకుని దగ్గర గుమాస్తాగా ఈ దేశానికి వచ్చాడు. వజ్రాల వ్యాపారంలో పైకి వచ్చి మచిలీపట్నం హవల్దారయ్యాడు. తర్వాత రాజ్యంలో అత్యున్నతమైన మీర్ జుమ్లా పదవి పొందాడు. స్వంత ఓడలు, స్వంత ఫిరంగులు, స్వంత సైన్యం సమకూర్చుకున్నాడు. సుల్తాను పేర కర్ణాటకం జయించి దాన్ని తన చేతిలోనే ఉంచుకున్నాడు. 1652లో గండికోటలో తవెర్నియే అతణ్ణి కలుసుకొనేనాటికి అతడు సేవకుడో, రాజో చెప్పడం కష్టం. అబ్దుల్లా కుతుబ్ షా ఆలస్యంగా మేల్కొన్నాడు. 1655 చివర అతని కుమారుణ్ణి బంధించాడు. అదే సాకుగా తీసుకొని ఔరంగజేబు 1656 జనవరిలో హైదరాబాదుపై పడ్డాడు. సుల్తాను గోలకొండ కోటలో తలదాచుకొని, అపారమైన ధనం, కుమార్తెను ఔరంగజేబు కుమారునికిచ్చి వివాహం, ఈ రెంటితో బయటపడ్డాడు. మీర్ జుమ్లా మొగలు వజీరుగా ఢిల్లీ చేరాడు.

మీర్ జుమ్లాను కృతఘ్నుడని తిట్టడం సులభం, చాలామంది తిట్టారు కూడ. కాని రేవును, గనిని, సైన్యాన్ని ఒకే మనిషి చేతికి ఇచ్చినది ఎవరు? గణపతిదేవుడు రేవు సుంకాన్ని రాతిపై వ్రాయించి, దానికి ఎవరి ఇష్టానిష్టాలతోనూ పని లేకుండా చేశాడు. ఘానా రాజు లెక్క ముస్లిం వర్తకునికి అప్పగించినా విలుకాండ్రను తన దగ్గరే ఉంచుకున్నాడు, తన ఊరిని వారి ఊరికి 6 మైళ్ళ దూరంలో పెట్టుకున్నాడు. అబ్దుల్లా కుతుబ్ షా ఆ దూరం పాటించలేదు. 1656 తర్వాత గోలకొండ మరి 31 ఏళ్ళు నిలిచింది. బట్ట, వజ్రం, ఉక్కు పోతూనే ఉన్నాయి, మచిలీపట్నం సుంకం వస్తూనే ఉన్నది. కాని ఇంగ్లీషువారు అప్పటికే దక్షిణాన చెన్నపట్నంలో కోట కట్టుకొని కూర్చున్నారు. నేతగాళ్ళు, వర్తకులు అటువైపు కదలసాగారు. 1687లో ఔరంగజేబు గోలకొండను తీసుకొనేనాటికి ఓడల దారి సగం మారిపోయి ఉన్నది.